విజయవాడలో శాసనసభ స్థానానికి స్వతంత్ర అభ్యర్థిగా నామినేషన్ వేయడం ఎలా?

ఎన్నికలు దగ్గరపడిన ప్రతిసారీ పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే: పార్టీ బీ-ఫారం లేదు, వెంట లాయర్ల బృందం లేదు, అయినా ఎమ్మెల్యే స్థానానికి పోటీ చేయాలని ఉంది, ఏ కాగితం ఎక్కడ ఇవ్వాలి? చట్టం ఈ పనిని సామాన్యుడు చేసుకోగలిగేలాగే రూపొందించింది. స్వతంత్రుల నామినేషన్లు పోయేది ప్రత్యర్థుల ఎత్తుల వల్ల కన్నా, చెల్లని సంతకం, ఖాళీగా వదిలిన కాలమ్, చేయడం మరచిన ప్రమాణం వంటి వాటి వల్ల. అందుకే ఇక్కడ చట్టం చరిత్ర జోలికి పోకుండా, ఏ పని ఏ వరుసలో చేయాలో, చేసిన పని నిలిచిందో లేదో ఎలా సరిచూసుకోవాలో మాత్రమే చెబుతాను. ఉదాహరణలు విజయవాడవి. గుంటూరు తూర్పు, గుంటూరు పశ్చిమ స్థానాల వారికీ పద్ధతి ఇదే.

మొదట అర్హత చూసుకోండి

మీరు భారత పౌరులై ఉండాలి, 25 ఏళ్లు నిండి ఉండాలి, ఆంధ్రప్రదేశ్‌లోని 175 నియోజకవర్గాల్లో ఏదో ఒకదానిలో ఓటరుగా నమోదై ఉండాలి. పోటీ చేసే నియోజకవర్గంలోనే ఓటు ఉండాలన్న నియమం అభ్యర్థికి లేదు. తిరువూరు, నందిగామ, తాడికొండ, గుంటూరు జిల్లా ప్రత్తిపాడు వంటి ఎస్సీ రిజర్వుడు స్థానాల్లో షెడ్యూల్డు కులాల వారే పోటీ చేయగలరు. ప్రభుత్వ ఉద్యోగం చేసినవారికి రాజీనామా లేఖ సరిపోదు, ఆ రాజీనామాను ఆమోదించిన ఉత్తర్వు చేతిలో ఉండాలి. రాష్ట్ర ప్రభుత్వంతో నడుస్తున్న పనుల కాంట్రాక్టు లేదా సరుకుల సరఫరా ఒప్పందం ఉన్నవారు, రెండేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడినవారు, ముందడుగు వేయకముందే న్యాయవాది సలహా తీసుకోవాలి. ఇద్దరు పిల్లల నిబంధన గురించి చాలామంది అడుగుతుంటారు. అది స్థానిక సంస్థల ఎన్నికలకు ఉండేది, 2024లో రద్దయింది. శాసనసభకు ఎన్నడూ లేదు.

దగ్గర ఉంచుకోవలసినవి

- ఫారం 2బి, అంటే శాసనసభ నామినేషన్ పత్రం. నియోజకవర్గంలో ఎన్నిక నిర్వహించే రిటర్నింగ్ అధికారి కార్యాలయంలో ఉచితంగా ఇస్తారు.
- ఫారం 26 అఫిడవిట్, అంటే కేసులు, ఆస్తుల వివరాలతో ఇచ్చే ప్రమాణపత్రం, దానికి తగిన స్టాంపు పేపరు. ఎంత విలువదో నోటరీ చెబుతారు.
- నియోజకవర్గంలో ఓటున్న పదిమంది ప్రతిపాదకులు, అంటే మీ పేరును ప్రతిపాదిస్తూ పత్రం మీద సంతకం చేసేవారు. అదనంగా మరో పదిమంది ఉంటే మంచిది.
- డిపాజిట్ కోసం 10,000 రూపాయలు. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు, వారు జనరల్ స్థానంలో పోటీ చేసినా, 5,000 రూపాయలే. అయితే కుల ధ్రువీకరణ పత్రం జత చేయాలి.
- ఎన్నికల ఖర్చుకు ప్రత్యేకంగా తెరిచిన బ్యాంకు ఖాతా పాస్‌బుక్కు.
- 2 సెం.మీ. వెడల్పు, 2.5 సెం.మీ. ఎత్తు ఉన్న స్టాంపు సైజు ఫొటోలు. తెల్లటి వెనుకతెర మీద, ముఖం పూర్తిగా కనిపించేలా, నోటిఫికేషన్‌కు ముందు మూడు నెలల లోపు తీయించినవై ఉండాలి. టోపీ, నల్లకళ్లద్దాలు వద్దు.
- మీ ఓటు వేరే నియోజకవర్గంలో ఉంటే, ఆ ఓటరు జాబితాలో మీ పేరున్న భాగానికి ధ్రువీకరించిన నకలు.

1. తేదీలను కాగితం మీద రాసుకోండి

నోటిఫికేషన్ వెలువడిన తర్వాత ఏడో రోజు నామినేషన్లకు ఆఖరి రోజు. మరునాడు పరిశీలన, పరిశీలన తర్వాత రెండో రోజు ఉపసంహరణకు గడువు. మధ్యలో సెలవు వస్తే తేదీ జరుగుతుంది. 2024లో మన రాష్ట్రంలో ఏప్రిల్ 18న నోటిఫికేషన్ వచ్చింది, 25న నామినేషన్లు ముగిశాయి, 26న పరిశీలన జరిగింది, 28 ఆదివారం కావడంతో ఉపసంహరణ గడువు 29కి వెళ్లింది, మే 13న పోలింగ్ జరిగింది. ఆ ఎనిమిది రోజుల్లో 21వ తేదీ ఆదివారం నామినేషన్లు తీసుకోరు కనుక చేతిలో మిగిలినవి ఏడు రోజులే.

రోజూ ఉదయం 11 గంటల నుంచి మధ్యాహ్నం 3 గంటల వరకే పత్రాలు తీసుకుంటారు. ముహూర్తం పట్టింపు ఉన్నవారు ఈ నాలుగు గంటల్లోనే దాన్ని చూసుకోవాలి. 2024లో ఆఖరి రోజు గురువారం. గురువారం రాహుకాలం ఒకటిన్నర నుంచి మూడు దాకా కాబట్టి, దాన్ని పాటించేవారికి రెండున్నర గంటలు మాత్రమే మిగిలాయి. నా సలహా సూటిగా చెబుతాను: ఆఖరి రోజును లెక్కలోకి తీసుకోకండి. మూడో రోజుకల్లా మొదటి సెట్టు నామినేషన్ పత్రాలు దాఖలు చేస్తే, లోపం బయటపడినా దిద్దుకోవడానికి వ్యవధి ఉంటుంది.

2. పదిమంది ప్రతిపాదకులను ఎంచుకోండి

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు. స్వతంత్ర అభ్యర్థికి, గుర్తింపు లేని రిజిస్టర్డ్ పార్టీ అభ్యర్థికి పదిమంది కావాలి. ఆ పదిమందీ మీరు పోటీ చేసే నియోజకవర్గంలోనే ఓటర్లై ఉండాలి. ఒక్కరు తగ్గినా పత్రం చెల్లదు.

విజయవాడలో ఈ నియమం దగ్గర తడబడటం చాలా తేలిక. నగరంలో తూర్పు, మధ్య, పశ్చిమ అని మూడు స్థానాలున్నాయి. పటమటలో దుకాణం నడుపుతూ కానూరులో కాపురమున్న మిత్రుడు మీ దృష్టిలో విజయవాడ మనిషే, కానీ అతని ఓటు పెనమలూరులో ఉంటుంది. గొల్లపూడిలో ఉండేవారి ఓటు మైలవరం నియోజకవర్గానిది. రోజూ బ్యారేజీ దాటి వచ్చి బీసెంట్ రోడ్డులో పనిచేసే తాడేపల్లి, ఉండవల్లి వారు మంగళగిరి ఓటర్లు. నగరం లోపల కూడా, ఇల్లు మారి ఏళ్లు గడిచినా ఓటు పాత ఇంటి దగ్గరే ఉండిపోయినవారు ఎందరో. అందువల్ల ఆధార్ చిరునామాను గానీ, ఇంటి పన్ను రసీదును గానీ, నోటిమాటను గానీ నమ్మకండి. ఎన్నికల సంఘం ఓటర్ల పోర్టల్‌లో ప్రతి ఒక్కరి ఓటరు కార్డు నంబరు కొట్టి, నియోజకవర్గం పేరు, పార్ట్ నంబరు, వరుస సంఖ్య మూడూ మీ కళ్లతో చూసి రాసుకోండి. పాత జాబితాలోని వరుస సంఖ్య కొత్త జాబితాలో మారిపోవచ్చు కాబట్టి, నోటిఫికేషన్ వచ్చాక మరోసారి సరిచూడండి.

సంతకాల విషయంలో రెండు హెచ్చరికలు. మొదటిది, సంతకం చేయలేని ప్రతిపాదకుడి వేలిముద్రను ఇంటి దగ్గర వేయించి తెస్తే చెల్లదు. అది రిటర్నింగ్ అధికారి ఎదుట గానీ, అందుకు అధికారం ఉన్న మరో అధికారి ఎదుట గానీ వేయాలి, ఆ అధికారి దాన్ని ధ్రువీకరించాలి. కృష్ణలంకలోనో సింగ్ నగర్‌లోనో మీ కోసం నిలబడే పెద్దవయసు తల్లులు వేలిముద్ర వేసేవారైతే, వారిని వదులుకోనవసరం లేదు, వెంట తీసుకువెళ్లి అక్కడే వేయించండి. రెండోది, ఒకరి బదులు ఇంట్లో మరొకరు సంతకం చేయడాన్ని ఎంత దగ్గరివారైనా ఒప్పుకోకండి. పరిశీలన రోజున ఆ ప్రతిపాదకుడు వచ్చి "ఇది నా సంతకం కాదు" అంటే మీ దగ్గర జవాబుండదు.

ఒక అభ్యర్థి ఒక నియోజకవర్గంలో నాలుగు సెట్ల వరకు నామినేషన్లు వేయవచ్చు. డిపాజిట్ ఒక్కసారి కడితే అన్నిటికీ సరిపోతుంది. ఈ వెసులుబాటును వాడుకోండి: రెండో సెట్టును పూర్తిగా వేరే పదిమందితో వేయండి. ఒక సెట్టు పోయినా మరొకటి నిలిస్తే మీరు పోటీలో ఉన్నట్టే. అవే పది పేర్లతో రెండు సెట్లు వేస్తే, ఒకదానిలోని లోపం రెండోదానిలోనూ ఉంటుంది.

3. బ్యాంకు ఖాతా తెరవండి

నామినేషన్ వేయడానికి కనీసం ఒక రోజు ముందు ఈ ఖాతా తెరిచి ఉండాలి. మీ ఒక్కరి పేరున గానీ, మీ తరఫున ఎన్నిక పనులు చూసేందుకు మీరు నియమించే ఎన్నికల ఏజెంటుతో కలిపి గానీ తెరవవచ్చు. భార్యతోనో భర్తతోనో కొడుకుతోనో కలిసి ఉన్న ఉమ్మడి ఖాతా పనికిరాదు, వారు ఎన్నికల ఏజెంటు అయితే తప్ప. ఇప్పటికే ఉన్న జీతం ఖాతానో వ్యాపార ఖాతానో చూపించకండి. పోస్టాఫీసు ఖాతా కూడా చెల్లుతుంది.

4. అఫిడవిట్ నింపండి

ఫారం 26లో మీ మీద ఉన్న కేసులు, మీవి, జీవిత భాగస్వామివి, హిందూ అవిభక్త కుటుంబానివి, మీపై ఆధారపడినవారివి ఆస్తులు, అప్పులు, గత ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం, పాన్ నంబర్లు, చదువు, సోషల్ మీడియా ఖాతాలు అన్నీ రాయాలి.

ఇందులో మొదటి సూత్రం, ఏ కాలమ్‌నూ ఖాళీగా వదలకూడదు, గీత గీసి ఊరుకోకూడదు. "లేదు", "వర్తించదు", "తెలియదు" అని అక్షరాలా రాయండి. ఖాళీలున్న అఫిడవిట్‌పై అధికారి నోటీసు ఇచ్చినా పూర్తి చేసి ఇవ్వకపోతే నామినేషన్‌ను తిరస్కరించవచ్చని సుప్రీంకోర్టు 2013లో తీర్పు చెప్పింది. అలాంటి నోటీసు వస్తే, పరిశీలన మొదలయ్యే లోపు అన్నీ నింపిన కొత్త అఫిడవిట్ ఇవ్వాలి.

కేసుల కాలమ్ దగ్గర నిజాయితీపరులే ఎక్కువగా పొరపడతారు. అలంకార్ సెంటర్ ధర్నా చౌక్‌లో ఎప్పుడో ఒక ఆందోళనలో పాల్గొని ఉంటారు, వందమందితో పాటు మీ పేరు కూడా ఎఫ్‌ఐఆర్‌లోకి ఎక్కి ఉంటుంది, ఆ సంగతి మీకు తెలియకపోవచ్చు. కోర్టు కేసుల వివరాలు చూపే ఈ-కోర్ట్స్ వెబ్‌సైట్‌లో మీ పేరుతో వెతకండి, మీరు తిరిగిన ప్రాంతాల పోలీస్ స్టేషన్లలో లిఖితపూర్వకంగా వివరాలు అడగండి, ఆ దరఖాస్తుకు ఇచ్చిన రసీదు దాచుకోండి. కేసు ఉండటం దానంతట అది అనర్హత కాదు. దాన్ని దాచి తప్పుడు అఫిడవిట్ ఇస్తే మాత్రం ఆరు నెలల వరకు జైలు గానీ, జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. కేసులున్నవారు ఉపసంహరణ గడువు తర్వాత, ప్రచారం ముగిసేలోపు మూడుసార్లు ఆ వివరాలను పత్రికల్లోనూ టీవీలోనూ ప్రకటించాలన్నది కూడా గుర్తుంచుకోండి.

ఆస్తుల దగ్గర బంగారాన్ని బరువుతోనూ విలువతోనూ రాయండి. పొలానికి సర్వే నంబరు, విస్తీర్ణం, ప్రస్తుత మార్కెట్ విలువ ఉండాలి. కొన్నదైతే కొన్న తేదీ, అప్పటి ధర కూడా రాయాలి. భార్య పేరున పుట్టింటివారు రాసిన అరెకరం, పిల్లల పేరున వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్, ఎవరికో చేబదులుగా ఇచ్చిన సొమ్ము తరచుగా మరచిపోయే అంశాలు. ప్రభుత్వ క్వార్టర్లలో గత పదేళ్లలో ఎప్పుడైనా ఉన్నవారు అద్దె, కరెంటు, నీరు, టెలిఫోను బకాయిలు లేవన్న ధ్రువపత్రాలు కూడా సంపాదించాలి.

తర్వాత నోటరీ ఎదుటో, ప్రథమ శ్రేణి మేజిస్ట్రేటు ఎదుటో ప్రమాణం చేసి సంతకం పెట్టండి. ప్రతి పేజీ మీద మీ సంతకం, నోటరీ ముద్ర ఉండాలి. ఇంటికి వచ్చాక కాదు, నోటరీ బల్ల దగ్గర ఉండగానే పేజీలు ఒక్కొక్కటిగా తిప్పి లెక్కపెట్టండి. చివరి పేజీకి ముద్ర వేసి మధ్య పేజీలు వదిలేయడం తరచుగా జరుగుతుంది.

5. ఫారం 2బి నింపండి

మొదటి భాగం గుర్తింపు పొందిన పార్టీల వారిది. దాన్ని కొట్టివేసి రెండో భాగం నింపాలి. పదిమంది ప్రతిపాదకుల పార్ట్ నంబరు, వరుస సంఖ్య, పూర్తి పేరు, సంతకం, తేదీ అక్కడే ఉంటాయి. మూడో భాగంలో మీ ప్రకటన, మీరు కోరే గుర్తులు ఉంటాయి. ఎన్నికల సంఘం విడుదల చేసిన స్వేచ్ఛా గుర్తుల (ఏ పార్టీకీ కేటాయించని గుర్తుల) జాబితా చూసి, మూడింటిని ఇష్టం వచ్చిన వరుసలో రాయండి. జాబితాలో లేని గుర్తు రాస్తే ఆ కోరిక వృథా అవుతుంది. మీ పేరు బ్యాలెట్ మీద ఎలా రావాలో అలాగే తెలుగులో స్పష్టంగా రాయండి, ఎందుకంటే జాబితాలో క్రమం కూడా అక్షరాలను బట్టే వస్తుంది.

ఎన్నికల సంఘం వారి సువిధ పోర్టల్‌లో వివరాలు నింపి ప్రింటు తీసుకునే వీలుంది. దస్తూరి బాగులేనివారికి అది మేలు. అయితే ఆన్‌లైన్‌లో నింపినంత మాత్రాన నామినేషన్ వేసినట్టు కాదు. ప్రింటు మీద సంతకాలు చేసి రిటర్నింగ్ అధికారికి స్వయంగా అందించాల్సిందే.

ఒక చిన్న మాట. దాఖలుకు ముందు పత్రాలను ఇంద్రకీలాద్రి మీద అమ్మవారి పాదాల దగ్గర పెట్టడం మన అభ్యర్థుల్లో చాలామందికి ఆనవాయితీ. తప్పకుండా పెట్టండి, కానీ జిరాక్స్ ప్రతిని పెట్టండి. అసలు పత్రాల మీద కుంకుమ గానీ నీళ్లు గానీ పడి నోటరీ ముద్ర అలుక్కుపోతే ఆ రోజు తిరిగి చేయించుకోవడం కష్టం.

6. డిపాజిట్ కట్టి పత్రాలు అందించండి

డిపాజిట్‌ను రిటర్నింగ్ అధికారి దగ్గర నగదుగా కట్టవచ్చు, ట్రెజరీలో చలానా తీసి దాన్ని జత చేయవచ్చు. చెక్కు తీసుకోరు. ఏ కార్యాలయంలో పత్రాలు ఇవ్వాలో ఫారం 1 బహిరంగ ప్రకటనలో ఉంటుంది. విజయవాడలో మూడు స్థానాలకూ అధికారులు వేరువేరు కాబట్టి, కిందటి ఎన్నికల జ్ఞాపకంతో వెళ్లకండి.

పత్రాన్ని మీరు గానీ, మీ ప్రతిపాదకుల్లో ఒకరు గానీ స్వయంగా ఇవ్వాలి. పోస్టులో పంపినా, ఇతరుల చేత పంపినా చెల్లదు. కార్యాలయానికి వంద మీటర్ల లోపలికి మూడు వాహనాలకు మించి రానివ్వరు, గదిలోకి మీతో కలిపి ఐదుగురినే అనుమతిస్తారు. ఊరేగింపుగా వెళ్తే ఆ ఖర్చు మీ లెక్కలోకి వస్తుంది.

బయటికి వచ్చే ముందు మీ చేతిలో రెండు కాగితాలు ఉండాలి: పత్రం అందినట్టు, పరిశీలన తేదీ, సమయం, చోటు రాసిన రసీదు ఒకటి, ఏ పత్రాలు ఇచ్చారో, ఏవి తక్కువయ్యాయో చూపే చెక్‌లిస్టు మరొకటి. చెక్‌లిస్టులో "లేదు" అని ఉన్న ప్రతిదానికీ ఎప్పటిలోగా ఇవ్వాలో అక్కడే అడిగి రాసుకోండి.

7. ప్రమాణం చేయండి

నామినేషన్ వేసిన తర్వాత, పరిశీలన రోజు రాకముందే, రిటర్నింగ్ అధికారి ఎదుటో అధికారం ఉన్న మరొకరి ఎదుటో రాజ్యాంగానికి విధేయత ప్రమాణం చేయాలి. 2024 తేదీల ప్రకారం చూస్తే, ఆ గడువు ఏప్రిల్ 25తోనే ముగిసింది. 26 ఉదయం వెళ్లి చేస్తానంటే కుదరదు. మీ బదులు ప్రతిపాదకుడు పత్రం ఇచ్చినా, ప్రమాణం మాత్రం మీరే చేయాలి. పత్రం ఇచ్చిన గదిలోనే చేసేసి, చేసినట్టు ధ్రువపత్రం తీసుకోవడం అన్నిటికన్నా మంచిది.

8. దాఖలు నిలిచిందో లేదో చూసుకోండి

అదే రోజు సాయంత్రం నోటీసు బోర్డు మీద మీ పేరు ఉందో చూడండి. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో మీ అఫిడవిట్ అప్‌లోడ్ అయ్యాక తెరిచి, అన్ని పేజీలూ చదవగలిగేలా ఉన్నాయో లేదో సరిపోల్చండి.

పరిశీలనకు మీతో పాటు ఎన్నికల ఏజెంటు, ఒక ప్రతిపాదకుడు, మీరు లిఖితపూర్వకంగా నియమించిన మరొకరు రావచ్చు. ప్రతిపాదకుల ఓటరు జాబితా పేజీలు, రసీదులు, ధ్రువపత్రాల అసళ్లు వెంట ఉంచుకోండి. ముఖ్యమైనది కాని లోపంతో పత్రాన్ని తిరస్కరించకూడదని ప్రజాప్రాతినిధ్య చట్టం 36వ సెక్షను చెబుతోంది. పేరులో అక్షరదోషమో, వరుస సంఖ్యలో అంకె తేడానో అలాంటివే. వాటిని సరిదిద్దుకోనివ్వమని మర్యాదగా, గట్టిగా అడగండి. ఎవరైనా అభ్యంతరం లేవదీస్తే జవాబు చెప్పడానికి గడువు కోరే హక్కు మీకుంది. తిరస్కరిస్తే కారణాన్ని రాతపూర్వకంగా తీసుకోండి. ఎన్నిక మధ్యలో కోర్టులు ఇందులో జోక్యం చేసుకోవు. ఫలితం వచ్చాక 45 రోజుల్లోపు హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేయడమే దారి.

9. ఉపసంహరణ గడువు వరకు జాగ్రత్త

ఒత్తిడి వచ్చేది ఈ రోజుల్లోనే. విజయవాడ మధ్య స్థానంలో 2019లో గెలుపు తేడా 25 ఓట్లు. అంత స్వల్ప తేడాలు వచ్చే చోట స్వతంత్ర అభ్యర్థి చీల్చే ఓట్లను ఎవరూ తేలిగ్గా తీసుకోరు. తప్పుకోవడానికి డబ్బు ఇవ్వడమూ, తీసుకోవడమూ చట్టం దృష్టిలో లంచమే. మీరు రాతపూర్వకంగా అధికారమిస్తే ప్రతిపాదకుడో ఏజెంటో కూడా ఉపసంహరణ పత్రాన్ని ఇవ్వగలరు కాబట్టి, సంతకం చేసిన ఖాళీ కాగితాలను ఎవరి దగ్గరా ఉంచకండి. ఒకసారి ఉపసంహరించుకుంటే వెనక్కి తీసుకోలేరు.

గడువు ముగిశాక ఫారం 7ఏలో పోటీలో ఉన్నవారి తుది జాబితా వస్తుంది. అందులో మీ పేరులోని ప్రతి అక్షరం, ఫొటో, గుర్తు చూసుకోండి. ఒకే గుర్తును ఇద్దరు స్వతంత్రులు కోరితే లాటరీ తీస్తారు కనుక ఆ సమయానికి అక్కడే ఉండండి. తప్పు కనిపిస్తే బ్యాలెట్ ముద్రణకు వెళ్లేలోపే, ఆ రోజే, రాతపూర్వకంగా చెప్పాలి.

10. ఖర్చు లెక్క రాయండి

నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు వరకు ప్రతి రూపాయీ రిటర్నింగ్ అధికారి ఇచ్చిన రిజిస్టరులో రాయాలి. మన రాష్ట్రంలో శాసనసభ అభ్యర్థికి పరిమితి 40 లక్షల రూపాయలు, ఇది 2022లో నిర్ణయించినది. ఒక వ్యక్తికి గానీ సంస్థకు గానీ ఎన్నిక మొత్తం మీద 10,000 రూపాయలకు మించి నగదుగా ఇవ్వకూడదు, ఆపైన బ్యాంకు ద్వారానే ఇవ్వాలి. కరపత్రం వేయిస్తే దాని మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు, చిరునామాలు తప్పనిసరి. ముందే కొని ఉంచిన కండువాలను ప్రచారంలో వాడినా వాటి విలువ రాయాల్సిందే.

చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి వస్తేనే డిపాజిట్ తిరిగి వస్తుంది. చెల్లిన ఓట్లు 1,80,000 అనుకుంటే, మీకు 30,000 కన్నా ఎక్కువ రావాలి. నోటా ఓట్లను ఈ లెక్కలో కలపరు. డిపాజిట్ పోయినా, వచ్చినవి వందల ఓట్లే అయినా, ఫలితం ప్రకటించిన 30 రోజుల్లోపు ఖర్చుల లెక్కను జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వడం మానకండి. ఓడిపోయాం కదా అని చాలామంది వదిలేసేది ఇదే. లెక్క ఇవ్వకుండా, తగిన కారణం చూపకుండా ఉంటే ఎన్నికల సంఘం మూడేళ్ల పాటు మిమ్మల్ని అనర్హులను చేయవచ్చు. రిజిస్టరు, బిల్లులు, బ్యాంకు స్టేట్‌మెంటు, అఫిడవిట్ కలిపి ఇచ్చి, అందినట్టు తేదీతో కూడిన రసీదు తీసుకుని, దాన్ని నామినేషన్ రసీదుతో కలిపి భద్రపరచండి.